సౌండ్‌బారా, హోమ్ థియేటరా, స్టీరియోనా? ముందు మీ హాలు, మీ ప్లగ్గు చూడండి

పండగ ఆఫర్లు మొదలైతే చాలు, నెల్లూరు ట్రంకు రోడ్డులో అయినా ఒంగోలు కర్నూలు రోడ్డులో అయినా షాపుల్లో వినపడే మొదటి ప్రశ్న "ఇది ఎన్ని వాట్లండీ?" అనే. సేల్స్ కుర్రాడు చెప్పే అంకె ఎంత పెద్దదైతే బేరం అంత త్వరగా కుదురుతుంది. ఇంట్లో పాటలకీ సినిమాలకీ సౌండ్ సిస్టమ్ కొనేవాళ్లు ఆ ప్రశ్నను చివరికి పెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ముందు తేల్చుకోవాల్సినవి రెండు. అది ఏ గదిలో ఉండబోతోంది? దాన్ని గుచ్చే ప్లగ్గులో ఎర్త్ నిజంగా పనిచేస్తోందా? ఈ రెండూ తెలిస్తే టీవీ కింద పెట్టే పొడవాటి సౌండ్‌బార్ సరిపోతుందా, చుట్టూ స్పీకర్లుండే హోమ్ థియేటర్ కావాలా, ఆంప్లిఫయర్‌తో రెండు స్పీకర్లు మేలా, చక్రాల పార్టీ స్పీకర్ అవసరమా అన్నది చాలావరకు తేలిపోతుంది. షాకులు, షార్టులు, పిడుగుల భయమూ కొనకముందే తగ్గుతుంది.

వాట్ల సంగతి ముందు తేల్చేద్దాం

బాక్సు మీద పీఎంపీవో అని వేలల్లో అంకె వేసి ఉంటే దాన్ని వదిలేయండి. సెట్టు నిలకడగా ఇవ్వగలిగే పవర్‌తో దానికి సంబంధం లేదు. చూడాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా ఇచ్చే పవర్. అందులోనూ అన్ని స్పీకర్లవీ కలిపి చెప్పిన మొత్తమా, ఒక్కో స్పీకరుకి ఇచ్చేదా అని అడగాలి.

మామూలు ఇంటి స్పీకరు ఒక్క వాటు తీసుకుని మీటరు దూరంలో సుమారు 85 నుంచి 88 డెసిబెల్స్ శబ్దం ఇస్తుంది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే శబ్దం 60 చుట్టూ ఉంటుంది. అంటే ఒక్క వాటుకే మాటల కన్నా చాలా పెద్ద శబ్దం వచ్చేస్తోంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే పవర్ పదింతలు కావాలి. అందుకే 50 వాట్ల సెట్టుకీ 100 వాట్ల సెట్టుకీ శబ్దంలో తేడా ధరలో ఉన్నంత ఉండదు. పన్నెండు బై పద్నాలుగు అడుగుల హాలుకి ఒక్కో స్పీకరుకి నిజాయితీ గల ఇరవై ముప్పై వాట్లు ఉంటే బోలెడు. ఆ పైన పెట్టే డబ్బు వాట్ల మీద కాకుండా స్పీకర్ నాణ్యత మీద, మంచి వైరు మీద, ఎర్తింగ్ మీద పెట్టండి.

సౌండ్‌బార్ ఎవరికి నప్పుతుంది

అపార్ట్‌మెంట్ ఫ్లాట్లలో హాలూ డైనింగూ కలిసి ఎల్ ఆకారంలో ఉంటాయి. ఒకపక్క బాల్కనీ తలుపు, ఒకపక్క వంటింటి దారి, ఇంకోపక్క బెడ్‌రూమ్ తలుపులు. వెనక స్పీకర్లు పెట్టడానికి గోడే దొరకదు. అలాంటి ఇంటికి సౌండ్‌బారే సరైనది. వైర్లు తక్కువ, కాళ్లకి తగిలేవి ఉండవు, చాలావాటికి ఒకటో రెండో ప్లగ్గులతో పని అయిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లుండి "పాటలు వినపడుతున్నాయి గానీ మాటలు అర్థం కావట్లేదు" అంటుంటే, మధ్యలో మాటల కోసం విడిగా సెంటర్ స్పీకర్ ఉన్న 3.1 రకం తీసుకోండి. వాల్యూమ్ పెంచకుండానే మాట తేటగా వస్తుంది. నా దృష్టిలో ఇంటికి మొదటిసారి కొనేవాళ్లలో ఎక్కువమందికి ఇదే చాలు.

డాల్బీ అట్మాస్ అని రాసి ఉన్న వాటి దగ్గర మాత్రం కాస్త ఆగండి. పైకి శబ్దం కొట్టి, సీలింగ్‌కి తగిలి కిందికి వచ్చేలా చేసే స్పీకర్లు వాటిలో కొన్నింటికి ఉంటాయి. చదునైన స్లాబు, మరీ ఎత్తు లేనిది, ఉంటేనే ఆ పని జరుగుతుంది. పెంకుటింట్లో, రేకుల ఇంట్లో, ఎత్తైన డూప్లెక్స్ హాల్లో ఆ అదనపు డబ్బుకి ఫలితం కనపడదు. రేకుల ఇంట్లో అయితే బరువైన శబ్దాల కోసం ఉండే ఊఫర్ కొట్టినప్పుడల్లా పైన రేకులు గలగలమంటాయి కూడా.

టీవీకి కలిపేటప్పుడు బ్లూటూత్ వద్దు. పెదాలు ముందు కదిలి మాట తర్వాత వినపడుతుంది. టీవీ వెనక ఏఆర్‌సీ లేదా ఈ-ఏఆర్‌సీ అని రాసి ఉన్న, టీవీ సౌండుని బయటికి పంపే హెచ్‌డీఎంఐ రంధ్రం ఒకటే ఉంటుంది, దానికే కేబుల్ పెట్టాలి. పక్క రంధ్రంలో పెట్టి సౌండు రావట్లేదని సెట్టు వెనక్కి పంపేసేవాళ్లు ఉన్నారు. పాత టీవీకి ఏఆర్‌సీ లేకపోతే ఆప్టికల్ కేబుల్ వాడండి. అది వెలుగుతో నడిచేది, కరెంటు తీగ కాదు కాబట్టి గుయ్‌మనే శబ్దం దాని గుండా రాదు.

హోమ్ థియేటర్ 5.1

5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక ఊఫర్. నాలుగు గోడలూ సరిగ్గా ఉన్న గది, సోఫా వెనక రెండు మూడడుగుల జాగా ఉంటేనే దీని గురించి ఆలోచించండి. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకి ఇది సరైన సమయం. గోడలు చెక్కేటప్పుడే స్పీకర్ వైర్లకి విడిగా పైపు వేయించుకోండి. కరెంటు వైర్లు పోయే పైపులోనే స్పీకర్ వైరు దూర్చడానికి మేస్త్రీ ఒప్పుకున్నా మీరు ఒప్పుకోకండి. కరెంటు వైరు తోలు దెబ్బతింటే 230 వోల్టులు స్పీకర్ వైరులోకి ఎక్కి, మీ చేతికి అందే చోట ఉంటాయి. పక్కపక్కన పోతే గుయ్‌మనే శబ్దం కూడా వస్తుంది.

కట్టేసిన ఇంట్లో అయితే గోడ అంచు వెంట పీవీసీ కేసింగ్ పట్టీలో వైర్లు లాగించండి. గుమ్మం మీదుగా, కార్పెట్ కింద నుంచి వద్దు. రోజూ తొక్కుడికి లోపల తీగలు నలిగి ఒకటికొకటి తగులుకుంటాయి, ఆంప్లి పోతుంది.

రేటు తక్కువని దొరికే 5.1 సెట్లలో ఐదు చిన్న స్పీకర్లు మరీ సన్నగా ఉంటాయి, బరువంతా ఊఫర్ మీదే పడుతుంది. ఊఫర్ మోగుతుంది, పాట మోగదు. ఆ డబ్బుకి మంచి సౌండ్‌బార్ వస్తుంది. ఏవీ రిసీవర్ (అన్ని స్పీకర్లనీ నడిపే ఆంప్లి), విడి స్పీకర్లు కొనే స్తోమత ఉంటే హోమ్ థియేటర్ సంగతి వేరు. ఆ అనుభవం ఇంకేదీ ఇవ్వదు. కానీ అప్పుడు ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు, గాలాడే చోటు తప్పనిసరి. రిసీవర్ బాగా వేడెక్కుతుంది. హాల్లో అద్దాల షోకేసులో పెట్టి తలుపు వేసేయడం మన ఇళ్లలో మామూలు. పైన కనీసం నాలుగంగుళాలు, వెనకా పక్కలా కొంత ఖాళీ లేకపోతే వేసవిలో అది తనంతట తానే ఆగిపోతుంది. కొన్నాళ్లకి లోపల భాగాలు పోతాయి. అల్లిక గుడ్డ కప్పాలనిపిస్తే ఆఫ్ చేసి చల్లారాకే కప్పండి.

పాటల కోసమైతే రెండు స్పీకర్లు

సినిమాల కన్నా పాటలే ఎక్కువ వినే ఇంటికి ఒక చిన్న స్టీరియో ఆంప్లిఫయర్, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొనమని నేను మొహమాటం లేకుండా చెబుతాను. షాపులో మన నెల్లూరు బాలు గారి పాట, మీకు చిన్నప్పటి నుంచి తెలిసినది, ఒకటి పెట్టించుకోండి. ముందు సౌండ్‌బార్‌లో, తర్వాత ఈ జతలో. పదం చివర ఆయన ఊపిరి తీసుకునే చోటు, పల్లవి కింద నడిచే తబలా, వయొలిన్లు ఏ పక్క నుంచి వస్తున్నాయన్నది జత స్పీకర్లలో విడివిడిగా తెలుస్తుంది. అదే ధర సౌండ్‌బార్‌లో అంతా ఒక్కచోట ముద్దగా ఉంటుంది.

పెట్టే తీరు ముఖ్యం. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో వాటి నుంచి మీ కుర్చీకి అంతే దూరం, ఎత్తు కూర్చున్నప్పుడు మీ చెవికి సమానం. గోడ మూలల్లోకి నెట్టకండి, బేస్ శబ్దం బుడుంగు బుడుంగుమంటుంది. ఇప్పటి హాళ్లలో నేలంతా టైల్సు, గోడలు నున్నగా, పైన ఫాల్స్ సీలింగు. చప్పట్లు కొడితే మోగుతుంది. పదివేలు పెట్టి స్పీకర్ మార్చేకన్నా ముందు మందపాటి కర్టెన్లు వేసి, నేల మీద జంపఖానా పరిచి మళ్లీ వినండి. తేడా మీకే తెలుస్తుంది.

వైర్లు కలిపేటప్పుడు ఆంప్లి స్విచ్ కాదు, ప్లగ్గే తీసేయండి. వైరు చివర ఒలిచాక సన్న తీగలన్నీ గట్టిగా మెలితిప్పండి. ఒక్క వెంట్రుక తీగ ఎర్ర బిగింపు నుంచి నల్ల బిగింపుకి తగిలినా అవుట్‌పుట్ షార్టే. ఆంప్లి వెనక స్పీకర్లు ఎన్ని ఓమ్‌లవి ఉండాలో రాసి ఉంటుంది. 6 నుంచి 8 అని ఉన్నదానికి రెండు 8 ఓమ్ స్పీకర్లను ఒకే బిగింపుకి సమాంతరంగా కలిపితే అది 4 ఓమ్ అవుతుంది, ఆంప్లి మీద భారం మించిపోతుంది. "వంటింట్లోకి కూడా ఒకటి లాగుదాం" అనుకుని ఇలా చేసిన ఇళ్లలోనే ఆంప్లీలు కాలుతుంటాయి. వైరు పూర్తి రాగిదే కొనండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినదాన్ని కూడా రాగి వైరు అనే అమ్ముతారు. గోటితో గీకినా, కత్తితో కోసినా లోపల తెల్లగా కనపడితే అది వద్దు.

చక్రాల పార్టీ స్పీకరు

పుట్టినరోజుకో సంక్రాంతికో మిద్దె మీద నలుగురూ ఆడిపాడాలంటే ఇది బాగుంటుంది. రోజూ హాల్లో వినడానికి మాత్రం కాదు. బ్యాటరీ ఉన్నది కాబట్టి జాగ్రత్తలు వేరు. పరుపు మీద, ఎండలో, మూసిన కారులో ఛార్జింగ్ పెట్టకండి. అందరూ పడుకున్నాక రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేయకండి. అడుగు ఉబ్బినట్టు కనిపించినా, కమురు వాసన వచ్చినా వాడకం ఆపేయాలి. వైరున్న మైకు కన్నా వైర్‌లెస్ మైకు మేలు. ఎర్త్ లేని ఆంప్లిలో లోపం వస్తే వైరు మైకు మెష్ దాకా కరెంటు వస్తుంది, పాడేవాళ్ల పెదాలకి తగిలేది ఆ మెష్షే. తడి చేతులతో, తడి నేల మీద ఉత్తికాళ్లతో నిలబడి మైకు పట్టుకోనివ్వకండి.

ఇక ప్లగ్గు దగ్గరికి వద్దాం

సెట్టు ఏదైనా, వెనక స్టిక్కరు చదవండి. చదరంలో చదరం గుర్తు ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉందని అర్థం. రెండు పిన్నులు చాలు, ఎర్త్ అక్కర్లేదు. సౌండ్‌బార్లు చాలావరకు ఈ రకమే. ఆ గుర్తు లేకుండా మూడు పిన్నులతో వస్తే దానికి ఎర్త్ ప్రాణం. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో గుచ్చడం, మార్పిడి పిన్ను పెట్టడం చేయకూడదు. మీ ఇంట్లో ఎర్త్ చేయించుకునే ఉద్దేశం ఇప్పట్లో లేకపోతే, చదరంలో చదరం ఉన్న సెట్టే కొనండి. ఎంపికలో దీన్ని మొదటి వడపోతగా పెట్టుకోమని నేననేది అందుకే.

ప్లగ్గులో మూడు రంధ్రాలున్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. కావలిలో మా పిన్ని వాళ్లింట్లో ఆంప్లి మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమనేది. మీటరు పెట్టి చూస్తే ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 చూపించింది. అంతా బాగుందనుకున్నాం. వచ్చిన ఎలక్ట్రీషియన్ మీటరు పక్కన పెట్టి, హోల్డరుకి తగిలించిన వంద వాట్ల పాత బల్బు తీశాడు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే ధగధగా వెలిగింది. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పెడితే లోపలి తీగ ఎర్రగా కనపడి ఆగింది. "మీటరు కరెంటు లాగదమ్మా, అందుకే సన్న దారి ఉన్నా 230 చూపించేస్తది. బల్బు లాగితేనే అసలు సంగతి బయటపడద్ది" అన్నాడు. పెరట్లో ఎర్త్ గొయ్యి ఎండిపోయి, పైపుకి బిగించిన తీగ చిలుము పట్టి ఊడిపోయే స్థితిలో ఉంది. కొత్త క్లాంపు వేసి, బొగ్గూ ఉప్పూ వేసి నీళ్లు పోశాక బల్బు రెండు చోట్లా ఒకేలా వెలిగింది, జివ్వుమనడం పోయింది. ఇది మీరు చేసుకునే పరీక్ష కాదు, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకో మనిషిలోకో కారితే లైను కట్ చేసే స్విచ్) ఉంటే, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య ఆ బల్బు పెట్టగానే అది పడిపోతుంది. అలా పడటం కూడా మంచి గుర్తే.

ఆర్‌సీసీబీ లేని ఇంట్లో సౌండ్ సిస్టమ్ బడ్జెట్‌లో దాన్ని కూడా కలుపుకోండి. 30 మిల్లీ ఆంపియర్లది. లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ.

ఇంకొక ప్రమాదకరమైన అలవాటు, ప్లగ్గు లోపలే న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న తీగ కలిపేయడం. అంతా బాగున్నన్నాళ్లు పనిచేస్తున్నట్టే ఉంటుంది. ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజున ఆంప్లి లోహపు పెట్టె మొత్తం కరెంటు మీద ఉంటుంది. ఎలక్ట్రీషియన్ ప్లగ్గు విప్పినప్పుడు ఇలాంటి తీగ ఉందేమో చూపించమని అడగండి.

గుయ్‌మనే శబ్దం వస్తే

"అన్నా, ఎర్త్ తీసేస్తే ఆ సౌండు పోద్ది" అని సలహా ఇచ్చేవాళ్లు వీధికొకరుంటారు. నిజమే, పోతుంది. దాంతోపాటు రక్షణా పోతుంది. ఆ శబ్దం ఎక్కువసార్లు వచ్చేది రెండు వేర్వేరు చోట్ల ఎర్త్ కలిసినప్పుడు. ఆంప్లి ఒక ప్లగ్గులో, టీవీ ఇంకో గోడ ప్లగ్గులో, కేబుల్ టీవీ లేదా డిష్ తీగ మిద్దె మీద నుంచి. ముందు కేబుల్ తీగ ఊడదీసి చూడండి. శబ్దం ఆగితే దోషం అక్కడే, ఆ తీగకి ఎర్త్ దారిని విడదీసే ఐసొలేటర్ దొరుకుతుంది. తర్వాత అన్నిటినీ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. అప్పటికీ పోకపోతే ఆడియో తీగ మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ కొనండి, లేదా ఆప్టికల్‌కి మారండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే బుర్రుమంటుంటే కారణం వేరు. చవక స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్లు ఇచ్చే కరెంటు ఆడియోకి నప్పదు. సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఉంటే సరే, లేకపోతే ఆ ప్లగ్గును ఇన్వర్టర్ లైన్ నుంచి తీయించండి.

స్టెబిలైజర్ కావాలా అన్నదానికి జవాబు కూడా స్టిక్కరు మీదే ఉంటుంది. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే లో వోల్టేజీకి భయం లేదు, స్టెబిలైజర్ దండగ. 220-240 అని ఉన్న బరువైన రిసీవర్‌కి, మోటార్లు ఆడే పల్లెల్లో, అది అవసరం. అసలు భయం లో వోల్టేజీ కాదు, గాలివానకి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగడం. అప్పుడు 230 రావాల్సిన ఇంట్లోకి 400 వోల్టుల దాకా వచ్చేస్తాయి. వీధి మొత్తం టీవీలు ఒకే రాత్రి కాలిపోయాయని వింటామే, అందుకు కారణం చాలాసార్లు ఇదే. హై వోల్టేజీ వస్తే కట్ చేసే పరికరం మెయిన్ బోర్డులో పెట్టించడం ఇంటి మొత్తానికి మేలు.

పిడుగుని ఏ స్పైక్‌బస్టరూ ఆపలేదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టినప్పుడు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకొచ్చే తుఫాన్ల రోజుల్లో, ఉరుములు మొదలవకముందే ప్లగ్గు పీకేయండి. డిష్ తీగ కూడా సెట్‌టాప్ బాక్సు నుంచి విప్పండి, కరెంటు ప్లగ్గు తీసినా పిడుగు పోటు ఆ తీగ గుండా వచ్చి హెచ్‌డీఎంఐ దారిలో సౌండ్‌బార్ దాకా పోతుంది. ఉరుములు మొదలైపోయాక మాత్రం ఆ తీగల్ని ముట్టుకోకండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను నెల్లూరు తీరాన్ని ముంచెత్తినప్పుడు, 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. నేల మీద ఊఫర్, ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టుకునేవాళ్లు పల్లపు వీధుల్లో ఉంటే వాటిని బల్ల ఎత్తున పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. తడిసిన సెట్టుని ఎండబెట్టి ఆన్ చేయడం వద్దు, మెకానిక్ విప్పి చూశాకే.

సముద్రం పక్కనా, పడమటి వైపా

అల్లూరు, మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి స్పీకర్ బిగింపుల్ని తినేస్తుంది. ఒలిచి పెట్టిన రాగి తీగ కొన్ని నెలలకే ఆకుపచ్చ చిలుము పడుతుంది. అక్కడ వైరు చివర బిగించే, పూత ఉన్న బనానా పిన్నులు వాడాలి, ఏడాదికోసారి విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించాలి. స్పీకర్ కోన్ చుట్టూ ఉండే అంచు ఫోమ్‌ది కాకుండా రబ్బరుది చూసుకోండి, ఉక్కలో ఫోమ్ పొడిపొడిగా రాలిపోతుంది. సముద్రం వైపు కిటికీ పక్కన సెట్టు పెట్టకండి.

కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు సమస్య దుమ్ము, ఎండిన నేల. రాతి నేలలో ఎర్త్ గొయ్యి వేసవికి పూర్తిగా ఆరిపోతుంది. మార్చి నుంచి వారానికోసారి బిందెడు నీళ్లు పోయాలి. రిసీవర్ గాలి రంధ్రాల్లో దుమ్ము పేరుకుంటే వేడి పోదు, నెలకోసారి ప్లగ్గు తీసి మెత్తని బ్రష్షుతో దులపండి. ఇక బల్లులు, చీమలు రెండు వైపులా ఉన్నవే. గోరువెచ్చగా ఉండే ఆంప్లి లోపలికి దూరి షార్టు చేస్తాయి. రిమోట్‌తో ఆపి వదిలేయకుండా రాత్రిపూట గోడ స్విచ్ కట్టేయండి. ఊఫర్‌ని బల్లగా వాడి పైన పూలకుండీ, దీపం పెట్టే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

పిల్లలున్న ఇంట్లో

చాలా సౌండ్‌బార్ల రిమోట్లో నాణెం లాంటి లిథియం బ్యాటరీ ఉంటుంది. పసిపిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. బ్యాటరీ మూతకి స్క్రూ ఉన్న రిమోట్, లేదా మామూలు పెన్సిల్ సెల్లులు వేసే రిమోట్ ఉన్న మోడలే ఎంచుకోండి. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. నిలువెత్తు టవర్ స్పీకర్లు పాకే పిల్లలున్న ఇంటికి వద్దు. కొంటే గోడకి బిగించండి. గోడకి తగిలించేటప్పుడు పాత సున్నపు గోడలో మేకు నిలవదు, సరైన సైజు యాంకర్ బోల్టు వేయించాలి.

చెవులు, పక్కింటివాళ్లు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినగలిగేది 80 డెసిబెల్స్ దాకా, పిల్లలకి 75. 90కి పెంచితే వారానికి నాలుగు గంటలే. ఫోన్‌లో ఉచిత సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని మీ కుర్చీ దగ్గర ఒకసారి చూసుకోండి. ఆ అంకె కచ్చితం కాకపోయినా అంచనాకి పనికొస్తుంది. విన్నాక చెవిలో గింగురుమంటే అది ఎక్కువైనట్టే.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. మీ ఇంట్లోని శబ్దం మీ సరిహద్దు దగ్గర ఆ పరిమితిని 5 డెసిబెల్స్ కన్నా ఎక్కువ దాటకూడదు. అపార్ట్‌మెంట్లో గొడవలు వచ్చేది పాట వల్ల కాదు, ఊఫర్ వల్ల. దాని దడదడ స్లాబు గుండా కింది ఇంటికి పోతుంది. ఊఫర్ కింద మందపాటి రబ్బరు ప్యాడ్ వేయండి, రాత్రి నైట్ మోడ్ పెట్టండి. పై అంతస్తుల్లో ఉండేవాళ్లకి విడిగా ఊఫర్ లేని జత స్పీకర్లే నేను చెప్పేది.

షాపులో

సెట్టు మీదో అట్టపెట్టె మీదో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు వెతకండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద ఉందో చూపిస్తుంది. కంపెనీ పేరు కలవకపోతే ఎంత చవకైనా వద్దు. సర్వీసు నెల్లూరులోనో ఒంగోల్లోనో ఉందా, చెన్నైకో విజయవాడకో పంపాలా అని బిల్లు వేయకముందే అడగండి, ఊఫర్ బరువు గుర్తుపెట్టుకుని. ఆన్‌లైన్‌లో వెయ్యి తక్కువకి దొరికినా, ఇంటికి వచ్చి బిగించే మనిషి ఉన్న షాపుకే నా ఓటు. సీరియల్ నంబరు వేసిన బిల్లు తీసుకోండి, వారంటీ అయ్యేదాకా అట్టపెట్టె, థర్మాకోల్ అటక మీద దాచండి.

బిగించాక మొదటి రోజు సౌండు తక్కువలో ఒక గంట నడిపించండి. తర్వాత ఆంప్లి పైభాగం మీద అరచెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా ఉండటం మామూలే. చెయ్యి నిలపలేనంత వేడిగా ఉన్నా, ప్లగ్గు దగ్గర కమురు వాసన వచ్చినా, ఆర్‌సీసీబీ పడిపోతున్నా కట్టేసి, బిగించిన మనిషిని ఆ రోజే పిలిపించండి.